మలిదశ సిఫిలిస్: కేస్ షీట్‌లో ఒక్క మాట లోపిస్తే ఏమవుతుంది?

ముప్పై ఏళ్లు శరీరంలో దాగి ఉండగల వ్యాధికి మూడేళ్లు దాటితే ఆధారాలు దొరకకపోవచ్చు. రోగనిర్ధారణ కోడ్ అంటే ఏమిటి, అది తప్పితే నష్టం ఎవరికి, రోగి ఏ కాగితాలు దాచుకోవాలి?

ఢిల్లీ పొరుగున ఉన్న గ్రేటర్ నోయిడా వలస వచ్చినవారి నగరం. 1991లో పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఏర్పడిన తరువాత పొలాల మధ్య రూపుదిద్దుకున్న ఈ ఊరిలో కర్మాగారాల కార్మికులు, విశ్వవిద్యాలయాల విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు దేశం నలుమూలల నుంచి వచ్చి స్థిరపడ్డారు. వారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. కాస్నాలోని ప్రభుత్వ వైద్య విజ్ఞాన సంస్థకు గానీ, నాలెడ్జ్ పార్కులోని శారదా ఆసుపత్రికి గానీ, మరో ప్రైవేటు ఆసుపత్రికి గానీ వెళ్లే రోగి పూర్వ వైద్య చరిత్ర చాలా సందర్భాల్లో మరో రాష్ట్రంలో, మరో భాషలో, మరో ఆసుపత్రి అలమారాలో ఉండిపోతుంది.

చాలా జబ్బుల విషయంలో ఈ లోటు పెద్ద చిక్కు తెచ్చిపెట్టదు. జ్వరానికి, విరిగిన ఎముకకు ఇప్పటి పరీక్షలే చాలు. కానీ కొన్ని వ్యాధుల్లో 'ఇప్పుడు ఏముంది' అన్న ప్రశ్నతోపాటు 'ఎప్పటి నుంచి ఉంది' అన్న ప్రశ్నకూ జవాబు కావాలి. సిఫిలిస్ అటువంటిది. మన వాడుకలో సవాయి రోగమనీ, సుఖవ్యాధి అనీ గుసగుసగా చెప్పుకునే ఈ వ్యాధిని 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశం 'ఫిరంగ రోగం' అని పేర్కొంది. దీని మలిదశను సరిగా గుర్తించి, సరిగా రాసి, సరైన కోడ్ ఇవ్వడం వైద్యుడికీ, రికార్డుల విభాగానికీ ఒక పరీక్షే.

'మలిదశ' అంటే ఏమిటి?

సిఫిలిస్‌కు కారణం ట్రెపొనీమా పాలిడం అనే మెలికల సూక్ష్మజీవి. 1905లో జర్మనీకి చెందిన షాడిన్, హాఫ్‌మన్ దీనిని గుర్తించారు. మొదటి దశలో నొప్పిలేని పుండు వస్తుంది. రెండవ దశలో ఒంటిమీద, అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు వస్తాయి. చికిత్స చేయించకపోయినా ఈ లక్షణాలు వాటంతటవే తగ్గిపోతాయి. రోగి నయమైందనుకుంటాడు. కానీ సూక్ష్మజీవి శరీరంలోనే ఉంటుంది. లక్షణాలేవీ లేకుండా రక్తపరీక్షలో మాత్రమే తెలిసే ఈ స్థితిని గుప్త సిఫిలిస్ అంటారు.

చికిత్స అందనివారిలో కొందరికి సోకిన 10 నుంచి 30 ఏళ్ల తరువాత వ్యాధి మళ్లీ తలెత్తుతుంది. గుండె నుంచి వెలువడే బృహద్ధమని గోడ బలహీనపడి ఉబ్బవచ్చు. మెదడు దెబ్బతిని మతిమరుపు, ప్రవర్తనలో మార్పు రావచ్చు. వెన్నుపాము దెబ్బతిని నడక తడబడవచ్చు. చర్మంలో, ఎముకల్లో, కాలేయంలో గమ్మా అనే గడ్డలు ఏర్పడవచ్చు.

ఇక్కడే మొదటి అపోహ. మలిదశ సిఫిలిస్ అనగానే వ్యాధి ముదిరి అవయవాలు దెబ్బతిన్నట్టేనని చాలామంది అనుకుంటారు. ఏ బాధా లేకుండా, సోకి రెండేళ్లు దాటిన గుప్త సిఫిలిస్ కూడా మలిదశ కిందికే వస్తుంది. రక్తదానం చేయడానికి వెళ్లిన వ్యక్తికి తప్పనిసరి పరీక్షలో ఈ సంగతి బయటపడవచ్చు. అతడు ఆరోగ్యంగానే కనిపిస్తాడు. రికార్డులో మాత్రం మలిదశ రోగి.

కోడ్ల కుటుంబం

ప్రపంచమంతటా వ్యాధులను ఒకే పద్ధతిలో లెక్కించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణను రూపొందించింది. క్లుప్తంగా ఐసీడీ. 1990లో ఆమోదం పొందిన పదవ సవరణ, అంటే ఐసీడీ-10, మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ వాడుకలో ఉంది. 2019లో ఆమోదం పొందిన ఐసీడీ-11 అంతర్జాతీయంగా 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఐసీడీ-10లో సిఫిలిస్‌కు నాలుగు ఇళ్లున్నాయి. తల్లి నుంచి శిశువుకు సంక్రమించినది ఎ50. తొలిదశ ఎ51. మలిదశ ఎ52. మిగిలినది, తేల్చి చెప్పనిది ఎ53. మలిదశ ఇంట్లో మళ్లీ గదులున్నాయి:

ఎ52.0: గుండె, రక్తనాళాల సిఫిలిస్.
ఎ52.1: లక్షణాలున్న నాడీమండల సిఫిలిస్.
ఎ52.2: లక్షణాలు లేని నాడీమండల సిఫిలిస్.
ఎ52.3: వివరం తెలపని నాడీమండల సిఫిలిస్.
ఎ52.7: ఇతర అవయవాల్లో లక్షణాలున్న మలిదశ సిఫిలిస్. గమ్మా ఈ గదిలోకే వస్తుంది.
ఎ52.8: మలిదశ గుప్త సిఫిలిస్.
ఎ52.9: వివరం తెలపని మలిదశ సిఫిలిస్.

ఐసీడీ-11లో ఇదే కుటుంబం 1ఎ60 నుంచి మొదలవుతుంది. మలిదశకు 1ఎ62 కేటాయించారు.

అమెరికా 2015 అక్టోబర్ 1 నుంచి ఐసీడీ-10-సీఎం అనే తన సొంత విస్తృత రూపాన్ని వాడుతోంది. అందులో నాడీమండల సిఫిలిస్‌నే అనేక భాగాలు చేశారు. వెన్నుపాము దెబ్బతిన్న టేబీస్ డార్సాలిస్‌కు ఎ52.11, మెదడు దెబ్బతిన్న జనరల్ పరేసిస్‌కు ఎ52.17. అమెరికా ఆసుపత్రుల రికార్డులకు కోడ్ ఇచ్చే పని నోయిడా, హైదరాబాద్, చెన్నై వంటి నగరాల్లో పెద్దఎత్తున సాగుతోంది. కనుక ఈ అంకెల భేదం తెలుగు యువతలో అనేకమందికి రోజువారీ పనిలో భాగం.

రెండు ప్రశ్నలు: ఎప్పుడు? ఎక్కడ?

కోడ్ అనేది వైద్యుడు రాసిన మాటకు అంకె రూపం. రాయని మాటకు కోడ్ ఇచ్చే అధికారం కోడర్‌కు లేదు. మలిదశ సిఫిలిస్‌కు సరైన అంకె దొరకాలంటే కేస్ షీట్ రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పాలి. వ్యాధి ఎప్పుడు సోకి ఉంటుంది? ఏ అవయవాన్ని తాకింది?

కేస్ షీట్‌లో కేవలం 'సిఫిలిస్' అని ఉంటే అది ఎ53.9లో పడుతుంది. 'గుప్త సిఫిలిస్' అని ఉండి కాలం రాయకపోతే ఎ53.0. 'రెండేళ్లకు పైబడిన గుప్త సిఫిలిస్, నాడీమండల లక్షణాలు లేవు' అని రాస్తేనే ఎ52.8 వస్తుంది. రోగి అదే, రక్తపరీక్ష అదే. మారింది వైద్యుడి వాక్యం మాత్రమే.

కాలం విషయంలో మరో మెలిక ఉంది. ఐసీడీ-10 తొలిదశకూ మలిదశకూ మధ్య గీతను రెండేళ్ల దగ్గర గీసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చికిత్సా మార్గదర్శకాలూ రెండేళ్లనే పాటిస్తాయి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం మాత్రం చికిత్స కోసం ఆ గీతను ఒక ఏడాది దగ్గర గీసింది. అమెరికాలో ఒక రోగికి వ్యాధి సోకి 18 నెలలైందని అనుకుందాం. అక్కడి వైద్యుడు మలిదశ చికిత్స ఇస్తాడు. ఐసీడీ-10-సీఎం నిర్వచనం ప్రకారం మాత్రం అది తొలిదశ గుప్త సిఫిలిస్, అంటే ఎ51.5. వైద్యుడు 'మలిదశ' అన్న ఒక్క మాట రాసి ఊరుకుంటే కోడ్ తప్పుదారి పడుతుంది. నెలలు, తేదీలు రాస్తే సందేహానికి తావుండదు. సందేహం మిగిలితే కోడర్ ఊహించి అంకె వేయకుండా వైద్యుడికి క్వెరీ పంపాలి.

'ఎప్పుడు' అన్న ప్రశ్నకు తేలికైన ఆధారం పాత నెగటివ్ పరీక్ష. ఒక ఊహా సందర్భం తీసుకుందాం. గుంటూరులో మొదటి కాన్పు నాటి పరీక్షలో సిఫిలిస్ లేదని తేలిన మహిళ, ఏడాదిన్నర తరువాత గ్రేటర్ నోయిడాలో రెండవ కాన్పుకు వెళ్లినప్పుడు ఫలితం పాజిటివ్‌గా వచ్చింది. ఆ పాత కాగితం చేతిలో ఉంటే వ్యాధి సోకి రెండేళ్లు కాలేదని వైద్యుడు నిర్ధారించగలడు. కాగితం లేకపోతే 'కాలం తెలియదు' అని రాయాలి, మలిదశగా భావించి చికిత్స చేయాలి. కోడ్ మాత్రం ఎ53.0గానే ఉంటుంది. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకపోవడమూ నమోదులో భాగమే.

పరీక్షా ఫలితమే రోగనిర్ధారణ కాదు

సిఫిలిస్ రక్తపరీక్షలు రెండు రకాలు. వీడీఆర్ఎల్, ఆర్‌పీఆర్ మొదటి రకం. ఇవి 1:4, 1:32 వంటి టైటర్ చూపుతాయి. చికిత్సతో టైటర్ తగ్గాలి. టీపీహెచ్ఏ వంటివి రెండవ రకం. ఇవి ఒకసారి పాజిటివ్ అయితే, చికిత్స పూర్తయినా చాలామందిలో జీవితాంతం అలాగే ఉంటాయి.

అందువల్ల టీపీహెచ్ఏ పాజిటివ్ కాగితాన్ని చూసి మలిదశ సిఫిలిస్ అని రాసేయడం పొరపాటు. పదేళ్ల క్రితమే పూర్తి చికిత్స పొందిన వ్యక్తికీ ఆ ఫలితం రావచ్చు. అతడికి ఇప్పుడు వ్యాధి లేదు, వ్యాధి చరిత్ర మాత్రమే ఉంది. ఐసీడీ-10లో అంటువ్యాధుల పూర్వచరిత్రకు జడ్86.1 అనే వేరే కోడ్ ఉంది. వీడీఆర్ఎల్ వంటి పరీక్ష వేరే కారణాలతో పొరపాటుగా పాజిటివ్ వస్తే దానికీ ఆర్76.2 అనే స్థానం ఉంది. మరోవైపు, మలిదశ రోగుల్లో కొందరికి వీడీఆర్ఎల్, ఆర్‌పీఆర్ నెగటివ్‌గా రావచ్చు. ఒక్క పరీక్షను నమ్ముకుంటే రెండు వైపులా ప్రమాదమే.

తెలుగు నేలకు సంబంధించిన ఒక విశేషం కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. యాస్ అనే చర్మవ్యాధి ఒకప్పుడు ఆంధ్ర, ఒడిశా, మధ్య భారత గిరిజన ప్రాంతాల్లో ఉండేది. దానికి కోయ రోగమనే పేరు కూడా ఉండేది. అది లైంగికంగా వచ్చేది కాదు. ఎక్కువగా పిల్లలకు చర్మస్పర్శ ద్వారా సోకేది. దాని సూక్ష్మజీవి సిఫిలిస్ సూక్ష్మజీవికి అతి దగ్గరి బంధువు. ఎంత దగ్గరంటే, వాడుకలో ఉన్న రక్తపరీక్షలు రెంటినీ వేరు చేయలేవు. 1996లో కోరాపుట్‌లో మొదలైన నిర్మూలన కార్యక్రమం ఫలితంగా 2003 తరువాత దేశంలో కొత్త కేసు నమోదు కాలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను యాస్ రహిత దేశంగా గుర్తించింది.

వ్యాధి పోయినా, చిన్నతనంలో దాని బారిన పడినవారి రక్తంలో ఆనవాళ్లు మిగిలే ఉండవచ్చు. గోదావరి ఏజెన్సీలో పుట్టి పెరిగిన వృద్ధురాలు కొడుకు దగ్గర ఉండటానికి గ్రేటర్ నోయిడా వెళ్లి, అక్కడ ఏదో శస్త్రచికిత్సకు ముందు పరీక్ష చేయించుకుంటే పాజిటివ్ రావచ్చు. అక్కడి వైద్యుడు 'మీ చిన్నప్పుడు ఒంటిమీద పుండ్లు వచ్చాయా, సూది మందు వేశారా' అని అడిగితే కథ వేరు. అడగకపోతే, ఆమె రికార్డులో ఎ52 చేరుతుంది. నిజానికి యాస్ కోడ్ ఎ66. ఈ తేడా ఆ ముసలితల్లి పరువుకు సంబంధించినది కూడా.

కోడ్ వెనుక చికిత్స

దశను సరిగా రాయకపోతే మొదట దెబ్బతినేది చికిత్సే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల ప్రకారం తొలిదశకు బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్ల సూది ఒక్కసారి చాలు. మలిదశకు, కాలం తెలియని గుప్త సిఫిలిస్‌కు అదే మోతాదు వారానికొకటి చొప్పున వరుసగా మూడు వారాలు ఇవ్వాలి. రెండు సూదుల మధ్య ఎడం 14 రోజులు మించకూడదు. నాడీమండలానికి సోకితే ఈ సూది సరిపోదు. ఆసుపత్రిలో చేర్చుకుని పెన్సిలిన్‌ను సాధారణంగా 10 నుంచి 14 రోజుల పాటు నరం ద్వారా ఎక్కించాలి.

మొదటి సూది కాస్నాలో, రెండవది సెలవులకు వచ్చినప్పుడు విజయవాడలో వేయించుకునే రోగికి, మూడవది ఎప్పుడో చెప్పగలిగేది తేదీలున్న కాగితమే. 'సిఫిలిస్, పెన్సిలిన్ ఇచ్చాం' అన్న చీటీ చూసిన రెండవ వైద్యుడు చికిత్స పూర్తయిందని భావిస్తే, రోగి మూడింట ఒక వంతు మందుతో ఇంటికి పోతాడు. ఆ తప్పు ఫలితం పదేళ్లకో, ఇరవయ్యేళ్లకో కనిపిస్తుంది.

గర్భిణి విషయంలో

మలిదశ గుప్త సిఫిలిస్ లైంగికంగా వ్యాపించే అవకాశం దాదాపు ఉండదు. కానీ తల్లి నుంచి గర్భస్థ శిశువుకు సోకగలదు. అందుకే గర్భం దాల్చిన తొలి నెలల్లోనే పరీక్ష చేయాలన్నది నియమం. గర్భిణి సిఫిలిస్‌కు ఐసీడీ-10లో ఓ98.1 అనే కోడ్ ఉంది. తల్లికి ఏ మందు, ఏ తేదీల్లో ఇచ్చారు, కాన్పుకు ఎన్ని రోజుల ముందు చికిత్స మొదలైంది అన్నవి తల్లి కార్డులో లేకపోతే, పుట్టిన బిడ్డకు చికిత్స అవసరమా కాదా అని శిశువైద్యుడు తేల్చుకోలేడు. తల్లి కాగితంలోని ఖాళీ బిడ్డకు సూదిపోటుగానో, అందని చికిత్సగానో మారుతుంది.

కేస్ షీట్‌లో ఏమేమి ఉండాలి?

మలిదశ సిఫిలిస్ రోగి డిశ్చార్జ్ సమ్మరీలో ఈ అంశాలుంటే మరో ఊరి వైద్యుడికీ, కోడర్‌కూ వెతుకులాట తప్పుతుంది:

దశ: తొలిదశా, మలిదశా, కాలం తెలియదా. ఆ నిర్ణయానికి ఆధారం ఏమిటి.
అవయవం: గుండె, మెదడు, కళ్లు, చెవులు, ఎముకలు, చర్మం. పరీక్షించి 'లేదు' అని తేల్చినవి కూడా.
పరీక్షలు: రెండు రకాల రక్తపరీక్షల పేర్లు, తేదీలు, టైటర్. వెన్నునీరు తీసి పరీక్షించి ఉంటే దాని ఫలితం.
చికిత్స: మందు పేరు, మోతాదు, ప్రతి సూది తేదీ, పెన్సిలిన్ పడకపోవడం వంటి వివరం.
తదుపరి పరీక్షలు: ఏ నెలలో మళ్లీ టైటర్ చూడాలి. గుప్త సిఫిలిస్‌కు 6, 12, 24 నెలలకు చూడటం వాడుక.

రోగనిర్ధారణ, దాని దుష్ఫలితం రెండూ కలిసి ఉన్నప్పుడు ఐసీడీ-10 జంట కోడ్లు ఇస్తుంది. సిఫిలిస్ వల్ల బృహద్ధమని ఉబ్బితే మూలవ్యాధికి కటారి గుర్తుతో ఎ52.0, ఉబ్బుకు నక్షత్ర గుర్తుతో ఐ79.0 వేస్తారు. కటారి లేకుండా నక్షత్రం ఒంటరిగా ఉండకూడదు. ఆరోగ్య బీమా క్లెయిమ్ పత్రంలో ఆసుపత్రి నింపే భాగంలోనూ ఐసీడీ-10 కోడ్లకు గడులుంటాయి. డిశ్చార్జ్ సమ్మరీలోని మాటకూ, ఆ గడిలోని అంకెకూ పొంతన లేకపోతే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసింది రోగి కుటుంబమే.

మరణ ధ్రువపత్రంలో

ఆసుపత్రిలో మరణించినవారికి వైద్యుడు ఫారం 4లో మరణకారణం రాస్తాడు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం దీనికి ఆధారం. మొదటి భాగంలో పై వరుసలో తక్షణ కారణం, కింది వరుసల్లో దానికి దారితీసిన వ్యాధులు, చివరి వరుసలో మూలకారణం రావాలి. బృహద్ధమని చిట్లి మరణించిన వ్యక్తి విషయంలో, దానికి మూలం సిఫిలిస్ అని తేలి ఉంటే, చివరి వరుసలో ఆ మాట ఉండాలి. 'గుండె ఆగింది' అని మాత్రమే రాస్తే ఆ మరణం సిఫిలిస్ లెక్కలోకి రాదు. మరణించిన ప్రతివారి గుండే ఆగుతుంది. అది కారణం చెప్పినట్టు కాదు. లెక్కలో లేని వ్యాధికి పరీక్షలు, మందులు, సిబ్బంది కేటాయించమని అడగడానికి ఆధారం ఉండదు.

మూడేళ్ల నిబంధన

వైద్యుల వృత్తి నియమావళి, 2002 ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లపాటు భద్రపరచాలి. రోగి గానీ, అతడు అధికారమిచ్చిన వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కొన్ని ఆసుపత్రులు ఇంకా ఎక్కువ కాలం దాచవచ్చు. కానీ రోగి లెక్కపెట్టుకోదగిన హామీ ఈ మూడేళ్లే. పది నుంచి ముప్పై ఏళ్ల తరువాత తిరిగి తలెత్తగల వ్యాధికి ఈ గడువు చాలదు.

కనుక ఈ బాధ్యతలో కొంత రోగి మీద పడుతుంది. సిఫిలిస్ పరీక్ష నెగటివ్ వచ్చినా ఆ కాగితం పారేయకూడదు. పాజిటివ్ అయితే టైటర్, తేదీ ఉన్న నివేదిక ప్రతి అడిగి తీసుకోవాలి. ప్రతి సూదికీ తేదీ రాయించుకోవాలి. చికిత్స పూర్తయ్యాక 'చికిత్స సంపూర్ణం' అని స్పష్టంగా రాసిన పత్రం ఉంటే, తరువాతి జీవితంలో ప్రతి శస్త్రచికిత్సకు ముందూ కొత్త రోగిలా నిలబడవలసిన అవసరం రాదు. 2021 సెప్టెంబర్‌లో దేశవ్యాప్తంగా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా సంఖ్యకు ఆరోగ్య పత్రాలను అనుసంధానించుకునే వీలుంది. ఏ పత్రం ఎవరికి చూపాలన్న అనుమతి రోగి చేతిలోనే ఉంటుంది.

గోప్యత గురించిన భయం సహజమే. ఈ వ్యాధి పేరు చుట్టూ అల్లుకున్న సిగ్గు వల్ల రోగి చెప్పడానికి జంకుతాడు. వైద్యుడు సైతం మొహమాటంతో అస్పష్టంగా రాసే ప్రమాదం ఉంది. రోగి రహస్యాన్ని కాపాడటం వైద్యుడి విధి అని అదే 2002 నియమావళి చెబుతోంది. కానీ రహస్యం వేరు, అస్పష్టత వేరు. కాగితాన్ని ఎవరు చూడాలో కట్టడి చేయడం రోగికి రక్షణ. కాగితంలో సత్యం రాయకపోవడం రోగికి హాని.

జిల్లా ఆసుపత్రులు, ప్రభుత్వ వైద్య కళాశాలల్లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆధ్వర్యంలో సురక్ష క్లినిక్‌లు పనిచేస్తున్నాయి. సుఖవ్యాధులకు అక్కడ సలహా, చికిత్స ఉచితం. పెన్సిలిన్ 1943 నుంచీ ఈ వ్యాధిని నయం చేస్తూనే ఉంది. సూది వేయించుకుని బయటికి వచ్చే ముందు, మందు పేరు, తేదీ, దశ రాసిన కాగితం చేతిలో ఉందో లేదో ఒక్కసారి చూసుకోవాలి.